మా బావ ఊపని చక్రం

విశాఖపట్నంలో నిలబెట్టి ఉన్న ప్రతి కారు ముందు చక్రాన్నీ మా బావ దొరబాబు ఒక్కసారైనా పట్టుకుని ఊపాడు. పోర్టులో ఓడలకి చక్రాలు లేవు కాబట్టి బతికిపోయాయి. నేను కోతలు కోస్తానని మావాళ్ళంటారు గానీ, ఈ విషయంలో మాత్రం తగ్గించే చెబుతున్నాను.

ఆటోనగర్‌లో బావకి షెడ్డుంది. అరిగిపోయిన బాల్ జాయింట్లు మార్చడం ఆయన పని. చక్రాన్ని కారుకి పట్టి ఉంచే కీలు అది, మన భుజం కీలు లాంటిదే. అరిగితే చక్రం దగ్గర టకటకమంటుంది. మరీ అరిగితే ఊడొచ్చి, నడిరోడ్డు మీద కారు మోకాలు విరిగిన ఎద్దులా కూలబడుతుంది. మిగతా మెకానిక్కులు షెడ్డుకొచ్చిన కార్లు చూస్తారు. మా బావ కనబడ్డ ప్రతి కారూ చూస్తాడు. అదీ తేడా.

ఆయనతో బజారుకెళ్ళడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది. వన్ టౌన్‌లో చీరలు కొందామని వెళ్తే, ఎవరిదో కారు పక్కన గొంతుక్కూర్చుని చక్రం పైనా కిందా పట్టుకుని ఊపేవాడు. అనుమానం తగిలితే చేతిసంచిలోంచి జాకీ తీసేవాడు. అవును, జాకీయే. జనం గొడుగు పట్టుకు తిరిగినట్టు ఆయన జాకీ పట్టుకు తిరుగుతాడు.

కారు ఓనరు పరిగెత్తుకొచ్చేవాడు. "ఎవడ్రా నువ్వు? టైర్లు ఎత్తుకుపోతన్నావా?"

"లేదు బాబూ. నీ ఎడం పక్క జాయింటు పోనాది. సూడు, సక్రం ఎలా తలాడిత్తందో."

నేను అప్పటికే పక్క కొట్లో దూరి, నాకు అక్కర్లేని గిన్నెల ధర అడుగుతూ ఉండేవాణ్ణి.

మా పెద్ద మావయ్య పోయినప్పుడు శవాన్ని తీసుకెళ్ళే బండినీ వదల్లేదు. ఓ పక్క ఏడుపులు. ఇంకోపక్క, "ఈ బండి దారిలో కూలబడతాది, ఇంకోటి తెప్పించండి" అంటూ బావ. ఆ మాటకి మావయ్య లేచి కూర్చుని, "నాను నడిసొత్తాన్లే అల్లుడూ" అన్నాడని చెబితే మీరు నమ్మరు.

అలాంటి మనిషిని నా పెళ్ళిచూపులకి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఇంటి అల్లుడు ముందు నడవకుండా పిల్లని చూడ్డానికి వెళ్ళే అలవాటు మా వాళ్ళలో లేదు. చదువు మధ్యలో వదిలేసిన నాకు సంబంధాలు రావడమే గగనం. మల్కాపురం నీలకంఠం గారమ్మాయి హిమబిందు కాదంటే, ఇక బ్రహ్మచారిగా ఉండిపొమ్మని అక్క తేల్చి చెప్పేసింది.

దారిలో బావ చేతులు పట్టుకున్నాను. "బావా, ఈ ఒక్కరోజూ ఆళ్ళ కారు జోలికెళ్ళకు."

"కారున్నాదేటి ఆళ్ళకి?" అన్నాడు, కళ్ళు మెరిపిస్తూ. చెప్పకుండా ఉండాల్సింది.

నీలకంఠం గారికి కోపం ముక్కు మీదుంటుంది. కారు మీద గీత పడిందని పాత డ్రైవర్ని ఉన్నపళంగా పనిలోంచి తీసేశారట. ఇప్పటి డ్రైవరు అబ్బులు, ఆయన దగ్గితే చాలు వణుకుతాడు. మేం వెళ్ళిపోయాక వాళ్ళంతా ఆ కారులోనే సింహాచలం కొండెక్కాలనుకుంటున్నారు.

మిఠాయి పళ్ళెం వచ్చేసరికి నా పక్క కుర్చీ ఖాళీ. పెరట్లోంచి సుత్తి దెబ్బలు.

"ఏటా సప్పుడు?" అన్నారు నీలకంఠం గారు. ఆయన వెనక అందరం వెళ్ళాం. కారు జాకీ మీదుంది. ముందు చక్రం గోడకి చేరబడింది. కారు కింద నుంచి మా బావ ఇస్త్రీ పేంటు రెండు కాళ్ళు. పక్కన అబ్బులు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

బావ బయటికి పాకి లేచాడు. చొక్కా నిండా గ్రీజు. "కంగారు పడకండి. ఊరికే సూద్దారని ఊపాను. జోరుగా ఊపీసినట్టున్నాను, జాయింటు సేతిలోకొచ్చీసినాది. తప్పు నాది. సాయంత్రానికి కొత్తది ఏసీసి ఎల్తాను."

"మీరు పిల్లని సూడ్డానికొచ్చారా, నా కారు ఇప్పడానికొచ్చారా?"

భూమి చీలితే దూరిపోదామని చూశాను. పెరడంతా సిమెంటు. వీధిలోకొచ్చాక బావని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన తల దించుకుని, కొత్త జాయింటు కోసం ఆటోనగర్ ఆటో ఎక్కేశాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. హిమబిందు.

"నాన్నని ఒప్పించాను. సంబంధం నాకిష్టమే" అంది.

నా అందం ఎంత దూరం నుంచైనా పనిచేస్తుందని నాకు ముందే తెలుసు. ఆ మాటే అన్నాను.

"మీ అందం కాదండి, మీ బావగారు. నేను మేడ మీద నుంచి అంతా విన్నాను. ఆ జాయింటు ముందే పోయింది. రబ్బరు చిరిగి, గ్రీజు ఎండిపోయి, ఊడ్డానికి సిద్ధంగా ఉంది. కారు షెడ్డుకి తీసుకెళ్ళమని నాన్న ఎప్పుడో చెప్పారు. అబ్బులు వాళ్ళమ్మకి ఒంట్లో బాగోక తీసుకెళ్ళలేదు. చూపించేశానని అబద్ధం చెప్పాడు. నిన్న మీ బావగారి కాళ్ళ మీద పడి ఏడ్చాడు."

"బావేమన్నాడు?"

"'నువ్వు నోరిప్పకు. మాటలు నాను పడతాను. అమ్మని సూసుకో. బండినీ సూసుకో' అన్నారు. అలాంటి మనుషులున్న ఇల్లైతే బాగుంటుందనిపించింది. మీ సంగతి తర్వాత చూసుకుంటాను."

సిమెంటు లేని చోటు వెతుక్కుంటూ షెడ్డుకి వెళ్ళాను. బావ ఎవరిదో చక్రం ఊపుతున్నాడు. మొహం చూపించలేక ఆయన వీపుతోనే మాట్లాడాను.

"తెలిసిపోయింది బావా. పుట్టి బుద్ధెరిగాక నువ్వాడిన మొదటి అబద్ధం, అదీ ముక్కూ మొహం తెలీని డ్రైవర్ని కాపాడ్డానికి! ఈ కథ మన గాజువాకంతా చెబుతాను."

బావ చక్రం వదల్లేదు. వెనక్కి తిరగనూ లేదు.

"అబద్ధమేటి బామ్మర్దీ? నాను నిజంగానే జోరుగా ఊపాను."