చదువు వాటా

నాకు అప్పంటే ఒళ్ళుమంట. గజపతినగరం పక్కన వరి పండించుకునే మా ఇంట్లో షావుకారు గుమ్మం ఎక్కినవాణ్ణి మనిషి కింద లెక్కేసేవాళ్ళు కారు. ఆ తిక్కతోనే ఎల్లాజీ బతుకులో వేలు పెట్టాను. అతను రమ్మనలేదు, నాకే ఆగలేదు.

అరవై అయిదులో శ్రీకాకుళంలో మా ఆఫీసుకి గుమాస్తాగా వచ్చాడు ఎల్లాజీ. కళింగపట్నం అవతల సముద్రం ఒడ్డు పల్లె. అమ్మా అయ్యా చిన్నప్పుడే పోతే అన్న లక్ష్ముడూ వదిన కూర్మమ్మా పెంచారు. విజయనగరంలో బి.ఏ. చదివాడు, పొలిటికల్ సైన్సు. రాజ్యమంటే ఏమిటి, సార్వభౌమాధికారం ఎవరిది, అన్నీ గడగడా చెప్పగలడు. మేము అతనికిచ్చిన పని, వచ్చిన కాగితాలకి నంబర్లు వెయ్యడం. జీతం అన్నీ కలిపి నూట ముప్ఫై. అరసవల్లిలో నా గది పక్క గదే అద్దెకి ఇప్పించాను.

అతని నోటి వెంట మాట రావడం గగనం. ఆదివారం చొక్కాలు ఉతికి ఆరేసుకుని, అవి ఆరేదాకా గుమ్మంలో కూర్చుని వాటినే చూసేవాడు. అతన్ని అలా చూస్తే నాకు జాలీ కోపమూ రెండూ వచ్చేవి. దసరాకీ ఊరెళ్ళలేదు, పెద్దపండక్కీ వెళ్ళలేదు. ఒకనాడు పట్టుకుని గదమాయిస్తే అప్పుడు చెప్పాడు.

వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దవల ఉంది. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో వేసి వస్తే, నలభైమంది ఒడ్డున నిలబడి తాళ్ళు పట్టి లాగాలి. చేప అమ్మగా వచ్చింది వాటాలు వేసుకుంటారు. ఎల్లాజీ కాలేజీకి వెళ్ళిన మూడేళ్ళూ, వేట ఉన్న ప్రతిరోజూ ఆ వలవాళ్ళు ఒక వాటా ఎక్కువ తీశారు. దాన్ని చదువు వాటా అనేవారు. మొత్తం పదకొండు వందల నలభై రూపాయలయింది. సర్కారు సంగతులు చదువుతున్నాడు, రేపు సర్కారుని చెయ్యి పట్టుకుని మన ఊరికి తీసుకొస్తాడని వాళ్ళ ఆశ.

"నంబర్లేసుకునేవోణ్ణి, ఏ మొహం ఎట్టుకుని ఎల్లమంతారు గురువుగారూ?" అన్నాడు.

ఆ రోజే ఒక కాగితం మీద లెక్క కట్టాం. అద్దె, భోజనం, చాకలీ మంగలీ పోను, కడుపు మాడ్చుకుంటే నెలకి ముప్ఫై అయిదు మిగులుతుంది. లక్ష్ముడికి వేట బాగున్న నెలల్లో నూట యాభై దాకా వస్తుందట.

"అంటే అప్పుసేసి సదువుకుని, సదువుకోనోడికన్నా తక్కువ సంపాదిస్తన్నాను," అంటూ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "ఏడిచినట్టుంది. ముందా అప్పు తీర్చి పారేయి. తీర్చి తలెత్తుకుని వెళ్ళు, నీ ఊరు నీకుంటుంది," అన్నాను. ఈ మాట అన్నది నేనే.

దాదాపు మూడేళ్ళు కడుపు మాడ్చుకున్నాడు. రాత్రి భోజనం మానేశాడు. మధ్యలో ఒకసారి లక్ష్ముడు ఎండు నెత్తళ్ళ చేపల మూట పట్టుకుని ఆఫీసు వరండాలోకి వచ్చాడు. "ఒరే, డబ్బులు నేకపోతే మానీ, ఓపాలి రారా," అని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "వస్తానన్నా, ఇంకొన్నాళ్ళు," అన్నాడు ఇతను. అన్న వెళ్ళిపోయాక రిజిస్టరు తెరిచి ఆ పూటంతా ఒక్క నంబరూ వెయ్యలేదు.

అరవై తొమ్మిది మాఘమాసంలో డబ్బు పూర్తయింది. తోడు రమ్మంటే వెళ్ళాను. కళింగపట్నంలో బస్సు దిగి ఇసకలో గంట నడిచాం. కూర్మమ్మ ఎదురొచ్చి మరిది బుగ్గలు నిమిరి, "సిక్కి సగమైపోనావు కదరా," అని ఏడ్చింది. ఇతనూ ఏడ్చాడు. మూడేళ్ళలో ఆ మొహం అంత తేటగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం వలపెద్ద కూర్మయ్య దగ్గరికి వెళ్ళి డబ్బు మూట ముందు పెట్టాడు.

"ఏటిరా ఇది?"

"సదువు వాటా మావా. మొత్తం ఉన్నాది."

"నిన్నెవరడిగినార్రా?"

"ఎవులూ అడగలేదు. నానే తీర్సాలనుకున్నాను."

ముసలాయన చాలాసేపు మూట ముట్టుకోలేదు. లక్ష్ముడు ఏదో అనబోతే చేత్తో ఆపాడు. చివరికి, "సదువుకున్నోడివి. తెలిసే ఇస్తన్నావనుకుంతాను," అని తీసుకున్నాడు. నేనైతే నా అప్పే తీరినట్టు ఛాతీ విరుచుకున్నాను. నా అంత వెర్రివెధవ ఇంకొకడుండడు.

తెల్లవారి వల లాగుతున్నారు. ఎల్లాజీ పంట్లాం పైకి మడిచి, అన్న పక్కన నిలబడి తాడు పట్టుకున్నాడు. కూర్మయ్య వచ్చి, పసివాడి చేతిలోంచి కత్తి తీసినట్టు మెల్లగా, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు.

"ఒగ్గీ బాబూ. వల దగ్గర ముందు పుచ్చుకున్న బయానా తిరిగిచ్చినోడు తాడు ముట్టకూడదు, ఈ వలకి ఆ కట్టుబాటున్నాది. వల్లోంచి ఎల్లిపోతానన్నోడే బయానా తిరిగిస్తాడు. మూడేళ్ళు నువ్వు రాకపోయినా మావోడివే అనుకున్నాం. అప్పున్నోడు ఎక్కడికి పోతాడు, ఎప్పటికైనా వస్తాడని ఉన్నాం."

లక్ష్ముడు ఇసకలోకి చూస్తూ తాడు లాగుతూనే ఉన్నాడు. నలభైమందీ లాగుతూనే ఉన్నారు. ఎల్లాజీ నాలుగడుగులు వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

బస్సులో అడిగాను, ఆ కట్టు సంగతి నీకు తెలీదా అని. "తెలుసండి. కూలికొచ్చి బయానా పుచ్చుకున్నోళ్ళకే అనుకున్నాను. సదువుకిచ్చింది కూడా బయానాయే అని తోచలేదు," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది, నా మీదే. "పద, దిగుదాం. ఆ డబ్బు వెనక్కి తీసుకుందాం. కాళ్ళు పట్టుకోవాలంటే నేను పట్టుకుంటాను," అన్నాను.

ఎల్లాజీ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"తీసుకోవాలంటే మళ్ళీ అప్పడగాల కదండీ. ఈపాలి ఏ సదువుకని అడగమంతారు?"