చల్లారాక వేసే మందు

యాంటీబయాటిక్ మంటకు తట్టుకోదు. తిరుపతిలో నేను పడ్డ పాట్లన్నీ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. విరిగిన కాలిలో వేసే కడ్డీకి ఎముక అతుక్కోవాలంటే, ఎముకలో ఉండే ఖనిజాన్నే పొడి చేసి, భగభగమండే మంటలో కరిగించి దానిమీద చల్లాలి. చీము పట్టకుండా ఆ పూతలోనే మందు కూడా ఉండాలని నా పంతం. పొడిలో కలిపి చల్లితే మందు మాడి మసైపోయేది.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నా పీహెచ్‌డీ గైడు రిటైరయ్యారు, తోటివాళ్లు ఉద్యోగాలకు పోయారు. ల్యాబులో నేనూ, ఫ్రిజ్ మోతా మిగిలాం. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు.

అప్పుడే నాయన మోపెడ్ మీంచి పడ్డాడు. మోకాలి కింది ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అలవాటు కొద్దీ మావాళ్లు ముందు విరిగిన ఎముకలకు నాటు కట్టు కట్టే పుత్తూరు తీసుకెళ్లారు. కట్టు కట్టే ఆయనే గాయం చూసి, ఆస్పత్రికి పొమ్మన్నాడు. అక్కడ కడ్డీ వేశారు, కానీ చీము పట్టింది. అది తీసేసి ఇంకోటి వేస్తామంటే నాయన ససేమిరా అన్నాడు.

"మా పాప సేసే కడ్డీ వస్తాది. అదైతేనే ఏయించుకుంటా."

"నాయనా, అది మనుషులకు ఏసేది కాదు ఇంకా. ముందు చిన్న లోహపు బిళ్లల మీద పూత పూసి సూడాల, ఆమీట కుందేళ్లకు. ఏండ్లు పడతాది," అన్నాను.

"నీకెందుకు పడతాది ఏండ్లు? నువ్వు తెలివిగల్లదానివి. కానీయ్."

ఎంత బతిమాలినా వినలేదు. ఒళ్లు మండిపోయేది. బయటికొచ్చి ఏడ్చేదాన్ని. చివరికి చీము రక్తంలోకి పాకి జ్వరం ముంచుకొచ్చింది. అమ్మ సంతకం పెట్టింది. మోకాలి దాకా కాలు తీసేశారు.

తర్వాత కొన్నాళ్లకు, రసం దించాక కొత్తిమీర వేసినట్టు, పూత పూర్తిగా చల్లారాకే బిళ్లను మందు నీళ్లలో నానబెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాను. దాన్ని క్రిములు పెంచే గాజు పళ్లెంలో ఉంచితే, మర్నాటికి చుట్టూ క్రిమి అన్నది లేకుండా తేటగా ఉంది. మందు బతికింది! ఎవరికైనా చూపిద్దామని పళ్లెంతో వరండాలోకి పరుగెత్తాను. వాచ్‌మన్ కూడా లేడు.

ఆస్పత్రికి వెళ్లి, ఇంకా మంచం మీదే ఉన్న నాయనకు చెప్పాను.

కాలు లేనిచోట చదునుగా పడున్న దుప్పటి వైపు ఆయన చూడలేదు. నా మొహమే చూశాడు.

"ఇంగేం మరి! రెండోది ఉండాది గదా పాపా. నీకోసరం అది గూడా ఇరగ్గొట్టుకుంటాలే," అని నవ్వాడు.

పక్క మంచాల వాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా పనిని నమ్మిన మనిషి లోకంలో ఆయనొక్కడే. నమ్మినందుకే కాలు పోగొట్టుకున్నాడు.