అణువు మెట్లు, అక్క బోనం

నా జీవితంలో ఒకే ఒక్క గొప్ప ఆవిష్కరణ చేశాను. మర్నాడు పొద్దున్నే నా చేతులతో నేనే దాన్ని పాతిపెట్టాను. ఆ సంగతి చెబుతాను, నవ్వేవాళ్ళు నవ్వండి. మా అక్క మాత్రం ఇంకా నవ్వలేదు.

ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. స్ఫటికం చూడ్డానికి ఎంత నున్నగా ఉన్నా, దాని ముఖం మీద మెట్లుంటాయి. ఒక్కో మెట్టు ఒక్క అణువు ఎత్తు. సన్నటి సూదిమొనను దాని మీద వరుస వెంట వరుస నడిపి, ఆ మెట్లను కంప్యూటర్‌లో బొమ్మగా తీయడం నా పని. ఇదంతా మా పద్మక్కకు వివరిస్తే, "మన పక్కన ఆదిభట్లల విమానాల పార్టులు జేస్తున్నరు. నువ్వు మెట్లు జూసుటానికి గింత సదువా?" అంది. అనడం అన్నది గానీ, నా చదువు గట్టెక్కాలని అమ్మవారికి బోనం మొక్కుకుంది.

అది గట్టెక్కేలా లేదు. ఒక్క మంచి బొమ్మా రాలేదు. "సోమవారం పొద్దుటికల్లా బొమ్మ లేకుంటే నీ ఫెలోషిప్ ఆగిపోతది, నేనేం చెయ్యలేను" అన్నారు మా గైడ్ మేడం. బోనాలేమో ఆదివారం.

"నేను బోనమెత్తుకున్నప్పుడన్న వస్తవా?" అని అక్క అడిగింది.

"పనున్నదక్కా."

"నీ మెట్లు యాడికి వోతయిరా?"

"సైన్సు ఎవ్వరికోసం ఆగదక్కా." చూశారా, ఎంత మాటన్నానో.

ఆదివారం ల్యాబు కిటికీలు మూసి, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాను. సాయంత్రానికి తెర మీద మెట్లు దిగాయి. మేస్త్రీ దారం పట్టి కట్టినట్టు తిన్నగా, ఒకదాని కింద ఒకటి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నా కుందేలుకు కాళ్ళే లేవు, అన్నీ మెట్లే. ఇంత తిన్నని మెట్లు లోకంలో ఎవరూ చూసి ఉండరని నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

పొద్దున మేడం బొమ్మ చూసి, "స్ఫటికాన్ని జర తిప్పిపెట్టి మళ్ల తియ్" అన్నారు. తీశాను. ఒక్క మెట్టూ లేదు.

"నిజం మెట్టయితే వంకరలు పోతది. ఇవన్నీ సూది నడిచిన వరుసల వెంటే ఉన్నయి. బల్ల అదిరినప్పుడల్లా సూది ఎగిరింది. నిన్న బయట ఏమన్న చప్పుడైందా?"

"ఏం లేదు మేడం. చెవుల్ల దూది పెట్టుకున్న."

మేడం ఆ బొమ్మను మడిచి నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్ళేసరికి అక్క మెడకు నూనె రాసుకుంటోంది. "ఏమైందక్కా?"

"నువ్వు రానంటివి గదా. ఊరేగింపును మీ కాలేజీ దిక్కు తిప్పిచ్చిన. నీ కిటికీ కిందనే డప్పులు గొట్టిచ్చిన. ఆపి పైకి జూసుడు, నువ్వు రాకపోతే మళ్ల గొట్టిచ్చుడు. నెత్తి మీద బోనంతోని గంతసేపు నిలబడ్డ నేను."

సంచిలోంచి బొమ్మ తీసి చేతికిచ్చాను.

"ఏందిది?"

"నీ డప్పులేనక్కా. నువ్వు కొట్టిచ్చినప్పుడల్లా ఒక మెట్టు పడ్డది."

అక్క ఆ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. "నేనిన్నిసార్లు పిలిచిన్నా నిన్ను?" అంది.

మేడం ఎవరినో బతిమాలి నాకు గడువు తెచ్చారు. తర్వాత అసలు మెట్లూ దొరికాయి, అన్నీ వంకరవే. అయినా అమ్మవారి సాక్షిగా, సూదిమొన సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట బోనాలనాడు ఏ స్ఫటికం మెట్లూ ఎక్కను. అక్క పిలవకముందే మా ల్యాబు మెట్లు దిగి, గేటు దగ్గర నిలబడతాను.