వరస తప్పిన పేపరు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఆస్టినాబాదులో మా ఇంటికి చేరి, భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చబోతుంటే మా మనవరాలు ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. దానికి ఈ మధ్య గుర్రప్పందేలు చూసే పిచ్చి పట్టుకుంది. పందెం కాయదు లెండి, ఊరికే చూస్తుంది. సీజన్ ఇప్పుడే మొదలైందనీ, కొత్త గుర్రాల్లో ఏది పైకొస్తుందో ఇప్పుడే కనిపెట్టాలనీ నాకు పాఠం చెబుతుంటే, ఈ విద్య మన ఇంట్లో నీకన్నా ముందే ఉందే పిచ్చిదానా అనుకుని నేనూ తొంగిచూశాను. అందరికన్నా ముందు పరిగెత్తుతున్న గోధుమరంగు గుర్రం ఒకటి మలుపు దగ్గర తూలి, మూడు కాళ్ల మీద నిలబడిపోయింది. మనుషులు పరుగున వచ్చి దాని చుట్టూ తెర పట్టారు.

"అరే, బేచారీ! ఇంక దాన్ని సులా దేంగే, నానమ్మా," అంది మనవరాలు.

అంటే నిద్రపుచ్చేస్తారని. అది ఆ మాట అనేసి ఇంకో పందెంలోకి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ రోజు కన్ను మూయలేకపోయాను. ఎప్పుడో వయసులో ఉండగా ఇదే ఊళ్లో ఆ మాట హిందీలో ఒకసారి విన్నాను, వారం రోజుల తేడాలో ఇంగ్లీషులో ఒకసారి చదివాను. రెండుసార్లూ నాకు అర్థమైందనే అనుకున్నాను.

మా చిన్నాన్న, అంటే మా నాన్నగారి తమ్ముడు, పెళ్లి చేసుకోలేదు. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి మద్రాసు వెళ్లి, అక్కడ రేసుగుర్రాల సాలలో గుర్రాలను చూసుకునే సాయీసుగా పదేళ్లు వాటికి మాలీసు చేసి, ఎందుకో విసిగి మా నాన్న వెనకాలే, మద్రాసుకు ఓడలో నాలుగు రోజుల దూరాన ఉన్న ఈ దీవులకు వచ్చేశాడు. ఫీనిక్స్ బే రేవు నుంచి దీవుల మధ్య తిరిగే పడవలో లస్కరు, అంటే కళాసీ, ఉద్యోగం దొరికింది. నాన్న పోయాక అమ్మకూ నాకూ పెద్ద దిక్కు ఆయనే. నాకు ఇంగ్లీషు టైపు నేర్పించి ఆఫీసులో చేర్చేదాకా ఆయన నిద్రపోలేదు. అంత చేసిన మనిషి నన్ను అడిగిందల్లా ఒక్కటే, పేపరులో గుర్రాల పేజీ చదివి చెప్పమని.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మద్రాసు పేపర్లు ఓడ మీద కట్టలుగా వచ్చేవి. పది పన్నెండు రోజుల లోకం ఒక్కసారే మా రేవులో దిగేది. మా ఆఫీసరు ఆ కట్ట మొత్తం ఒక్క పూటలో నమిలేసి నా బల్ల మీద పడేస్తే, నేను దాన్ని ఇంటికి తెచ్చేదాన్ని. మా ఇంట్లో మాత్రం చిన్నాన్న చట్టం అమలయ్యేది. రోజుకు ఒక్క పేపరే తీయాలి, తేదీ వరస తప్పకూడదు, అడుగున ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఎప్పుడో అయిపోయిన పందేలకు ఈ నియమమేమిటని నేను ఎగతాళి చేస్తే, మన దగ్గర అది ఇంకా అవలేదు కదా అనేవాడు. గుర్రాల పేజీ బైబిలు పెట్టే బల్ల మీద పెట్టకూడదన్నది అమ్మ పెట్టిన చట్టం. అందుకని మా చదువంతా పెరటి అరుగు మీద, చేపలు కోసే పీట పక్కన సాగేది.

వానలు వెనకబట్టి రేసుల సీజన్ మొదలైందంటే ఆయన ముఖంలో కళ వచ్చేది. పేరు పడ్డ గుర్రాల మీద ఆయనకు మోజు లేదు. ఇంకా మైదానం ఎరగని రెండేళ్ల గుర్రప్పిల్లల మీదే కన్నంతా. పొద్దుటి పూట వాటికి పెట్టే పరుగుల గురించి పేపరులో ఒక్కో ముక్క రాసేవారు. సులువుగా పరిగెత్తింది అని నేను చదివితే, కళ్లెం గుంజి పట్టుకుంటే అంత పరిగెత్తిందా, వదిలేస్తే అంతేనా అని అడిగేవాడు. ఆ సంగతి పేపరులో ఉండేది కాదు. ఆయనే కళ్లు మూసుకుని తేల్చుకుని, నచ్చిన పేరు పక్కన నా చేత ఎర్ర పెన్సిలుతో గీత పెట్టించేవాడు. పందెం కాసే దారి ఈ దీవిలో లేదు, కాసే గుణం ఆయనకూ లేదు. ఎన్నో మైళ్ల అవతల ఒక పసిగుర్రం బాగుపడుతోందంటే ఆయనకు అదే సంతోషం.

ఆ ఏడు ఒక ఆడ గుర్రప్పిల్ల పేరు కింద తల్లి పేరు చదవగానే చిన్నాన్న గభాలున లేచి నిలబడ్డాడు. ఆ తల్లి పుట్టిన రోజు తడి తుడిచి నిలబెట్టింది ఆయనేనట. మద్రాసు వదిలేనాటికి అది ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చేతి దాణా ముట్టేది కాదట. అంతే, అప్పటి నుంచి మా ఇంట్లో ఆ గుర్రానికి ఇంగ్లీషు పేరు పోయి 'పిల్ల' అని పేరొచ్చింది. అన్నం దగ్గర కూడా పిల్ల ఏం చేస్తుందోనని మాటే. పందేలంటే గిట్టని అమ్మే కుటుంబ ప్రార్థన చివర ఒక రోజు పిల్లను కూడా కాపాడమని అనేసి, నాలుక కరుచుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్నాన్న కడుపులో గడ్డ ఉందని బయటపడింది. మద్రాసు వెళ్లి కోయించుకోవాలి, ఆలస్యం చేస్తే ఎవరూ ఏమీ చేయలేరని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. చిన్నాన్న గుడ్లప్పగించి చూస్తుంటే ఆ మంచి మనిషి భుజం తట్టి, "సులా దేంగే చాచా, కుఛ్ పతా నహీ చలేగా," అన్నాడు. మత్తిచ్చి నిద్రపుచ్చుతాం, నొప్పే తెలియదని. తుపానులో పడవ మోకు వదలని మనిషి కత్తి పేరు చెబితే వణికాడు. వెళ్లనంటే వెళ్లనన్నాడు. అమ్మ ఏడ్చింది, నేను అలిగాను, సంఘం పెద్దలు వచ్చి చెప్పారు. ఎవరి మాటా చెవిన పెట్టలేదు.

ఆయనను ఒప్పించింది పిల్ల. కొత్త ఓడ తెచ్చిన కట్టలో మూడో పేపరులో దాని మొదటి పందెం ఉంది, గెలిచింది. చిన్నాన్న చిన్నపిల్లాడిలా అరుగు దిగి పెరడంతా తిరిగాడు. "ఎల్తాను వదినా. దాని పెద్ద పందేనికి నానక్కడుండాల. అది నడిసొత్తంటే సూడాల. ఆ కోత కూడా అప్పుడే కోసీమను," అన్నాడు. అదే ఓడ ఆరో రోజున తిరిగి మద్రాసు పోతుంది. ఆఫీసులో అడిగి నేనే బెర్తు సంపాదించాను. అమ్మ ఆయన ట్రంకుపెట్టె సర్దింది.

బయల్దేరడానికి ముందు రోజు సాయంత్రం అయిదో పేపరు చదివేశాం. అందులో పిల్ల ఊసు లేదు. ఆయన ముఖం కొంచెం దిగులుగా కనిపించింది. రేపు వెళ్లిపోయే మనిషి, మంచి కబురు విని వెళ్తే ధైర్యంగా ఉంటాడని నాకు తోచింది. రెండో పందెం కూడా గెలిచే ఉంటుందన్న నమ్మకంతో కట్ట అడుగుకు చెయ్యి పెట్టాను. "వరస తప్పుతున్నావే," అన్నాడు గాని, ఆపలేదు. ఎనిమిదో పేపరులో దాని పేరు కనబడగానే గొంతు పెంచి, చూసింది చూసినట్టు తెలుగు చేస్తూ చదివాను. మలుపులో కాలికి దెబ్బ తగిలిందట చిన్నాన్నా, అక్కడే నిద్రపుచ్చారట అన్నాను. నొప్పి తెలియకుండా మందిచ్చారన్న మాట, డాక్టరుగారు మనకు చెప్పారు చూడు, అలాగే అని వివరం కూడా నేనే కలిపాను. 'పుట్ టు స్లీప్' అన్న ఆ ఇంగ్లీషు మాటకు ఇంకో అర్థం ఉందని, ఉత్తరాలు టైపు చేసుకునే నాకు ఎవరు చెప్పారు గనక?

"ఏ కాలు? ముందరదా, ఎనకదా?" అని అడిగాడు.

ముందరిదేనన్నాను. ఊఁ అన్నాడు. పేపరు నా చేతిలోంచి తీసుకుని, చదవలేని ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆనించాడు.

తెల్లవారి నేను రిక్షా పిలుచుకొచ్చేసరికి ట్రంకుపెట్టె మళ్లీ మంచం కిందకు చేరింది. "పిల్ల పడుకున్నాది కదా. అది లెగిసినాక ఎల్తాను," అన్నాడు, నా ముఖం చూడకుండా. నేను కోప్పడ్డాను. దెబ్బ తగ్గి అది మళ్లీ పరిగెత్తుతుంది, ఈలోపు నీ వైద్యం కూడా అయిపోతుంది కదా అని బతిమాలాను. నేను పిల్ల గురించి మాట్లాడేకొద్దీ ఆయన ఇంకా గోడ వైపు తిరిగాడు. ఓడ కూత ఇంటి దాకా వినిపించింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మళ్లీ మద్రాసు ఓడ వచ్చేలోపే చిన్నాన్న పోయాడు. చివరి రోజులు ఎలా గడిచాయో రాయను. అంత నొప్పి నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. సమాధి తోట నుంచి వచ్చాక, పెరటి అరుగు మీద కూర్చుని, ఆ గుర్రమైనా కోలుకుంటుందో లేదో అన్నాను ఊరికే. అమ్మ నా వైపు జాలిగా చూసి, నేను ఆ పేపరు చదివిన సాయంత్రమే ఆయన తనతో అన్న మాటలు చెప్పింది. "ముందరకాలు ఇరిగిన గుర్రాన్ని నిద్రబుచ్చడం ఏటో నాకు తెలదా వదినా? అలాటప్పుడు దాని తాడట్టుకున్నోణ్ణి. నన్నూ అలాగే నిద్రబుచ్చేత్తారు. అమ్మాయికి తెలదు, సెప్పకు, కుమిలిపోద్ది."

కాలు విరిగిన గుర్రాన్ని నిద్రపుచ్చడమంటే చంపెయ్యడమేనని నాకప్పుడు తెలిసింది. నాకెంత సిగ్గేసిందో, ఎంత కోపమొచ్చిందో ఇప్పుడు చెప్పినా సరిగ్గా చెప్పలేను. ఆయన మీద, అమ్మ మీద, ఆ మాట మీద, అన్నిటికన్నా నా చేతి మీద. కోత కోయించుకుంటే మాత్రం బతికేవాడని ఎవరనగలరు? కాని బెర్తు ఉంది, పెట్టె సర్ది ఉంది, మనసు ఒప్పుకుని ఉంది.

ఇప్పుడు మనవరాలి ఫోనులో గుర్రం కాలు నేలకు ఆనకముందే కబురు వస్తోంది. వరస లేదు, ఎదురుచూపు లేదు, అడుగున దాగిందంటూ ఏమీ లేదు. మన రోజుల్లో చావు కబురు కూడా ఓడెక్కి రావాల్సిందే. వచ్చాక కూడా మన వంతు దాకా కట్టలో పడి ఉండేది. అది పడి ఉన్నన్నాళ్లూ పిల్ల మా పెరట్లో బతికే ఉంది, గెలుస్తూనే ఉంది. చిన్నాన్న చట్టం ప్రకారం ఆ ఎనిమిదో పేపరు వంతు వచ్చేసరికి ఆయన నడిసముద్రంలో ఉండేవాడు. ఆ రెండు మూడు రోజులు ఆయనవి. వాటిని నేనే ముందుగా చదివేశాను.