పాటలోంచి పోయిన బాపు

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా సారు మిఠాయి పంచాడని మందమర్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఒక్క పాట మాత్రం నాకు తప్పు లేకుండా వచ్చు. బొగ్గుబాయి నుంచి బాపు రావడం ఆలస్యమైతే అవ్వ వాకిట్లో నిలబడి, "మీ బాపు ఇంక రాలే" అనేది. పక్క క్వార్టర్‌లో ఉండే పాటగాడు ఆ మాట మీదే పాట కట్టాడు.

ఆయనకు డెబ్బై దాటాక కొత్త ఆల్బమ్ వచ్చింది. అందులో ఆ పాటను మళ్లీ పాడాడు. కాలనీవాళ్లమంతా ఒక ఫోన్ చుట్టూ చేరి విన్నాం. "మీ నాన్న ఇంకా రాలేదు" అని వినబడగానే ముసలివాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. పట్నంలో మాత్రం బాగా మెచ్చుకున్నారట.

ఆయనకే ఫోన్ చేశాను. "అన్నా, మా బాపును ఏడ పారేసినవే?"

"అందరికి సమజ్ కావాలె కద తమ్మీ," అన్నాడు.

మా అవ్వ నోటి మాటను మా వాకిట్లోంచి తీసుకెళ్లి, చివరికి దానికే తప్పులు దిద్దాడు. ఆ మంటతో ఇదంతా రాసి నా భార్యకు చదివి వినిపించాను.

"ఆయన ఒక్క మాట మార్చిండని గింత ఏడుస్తున్నవు," అంది. "నువ్వు రాసిన దాంట్ల ఒక్క 'పాడిండు' లేదు, ఒక్క 'అన్నడు' లేదు. అన్నీ 'పాడాడు', 'అన్నాడు'లే. మరి మన మాటను నువ్వేడ పారేసినవు?"