పిస్తోలు ఉంటే కూర్చోవచ్చు

శంకరప్పకు మోకాళ్ళను మించిన పగవాళ్ళు ఎవరూ లేరు. పదిహేడేళ్ళు పటాలంలో సిపాయిగా నిలబడ్డాడు. రిటైరై బంట్వారం వచ్చి కంది చేను చేసుకున్న పదేళ్ళూ వంగడమూ లేవడమూ తప్ప కూర్చున్నది తక్కువ. బోరు ఎండిపోయాక వికారాబాద్ చేరి, ఒక బ్యాంకు గుమ్మం దగ్గర రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని పదకొండేళ్ళుగా నిలబడే ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. మనిషిని కాళ్ళ మీద నిలబెట్టి జీతమిచ్చే కొలువులే దొరికాయి ఆయనకు.

బ్యాంకు ముందు కాపలావాడు కూర్చోకూడదని ఏజెన్సీ నియమం. కూర్చున్నవాడిని చూస్తే దొంగకు ధైర్యం వస్తుందట. ఆ దొంగ పదకొండేళ్ళలో ఒక్కసారీ రాలేదు. నియమం మాత్రం రోజు విడిచి రోజు సూపర్‌వైజర్ బాల్‌రాజ్ రూపంలో బైకెక్కి వచ్చి, శంకరప్ప నిలబడి ఉన్నాడో లేదో చూసి వెళ్ళేది. మధ్యాహ్నం రెండింటికి ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకు, మోకాళ్ళలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుండేది. లోపల ఖాతాదార్ల కోసం పన్నెండు కుర్చీలు ఉన్నాయి. ఏ కుర్చీకి ఏ కాలు ఊగుతుందో కూడా ఆయనకు తెలుసు, ఒక్కదాంట్లో కూడా కూర్చోకుండానే.

పిస్తోలు ఆశ ఆయనకు పటాలంలోనే పుట్టింది. రైఫిలు మోసేవాళ్ళంతా నిలబడేవాళ్ళు. నడుముకు పిస్తోలు ఉన్న అధికారులు జీపులో కూర్చునేవాళ్ళు. ఇందులో ముందు వెనకలు ఏమిటో, అధికారి కాబట్టి పిస్తోలా, పిస్తోలు ఉంది కాబట్టి జీపా అని శంకరప్ప ఎన్నడూ విడదీసి చూసుకోలేదు. పిస్తోలూ కూర్చోవడమూ ఆయన మనసులో ఒకదాని పక్కన ఒకటి ఉండిపోయాయి, అంతే.

నిరోషా వచ్చి ఆ ఆశను కదిలించింది. బ్యాంకుకు తరచుగా వచ్చే మనిషే. భర్త పోయి రెండేళ్ళయింది. తాండూరులో ఆయన నడిపిన బండల పాలిష్ కార్ఖానాను ఇప్పుడు తానే చూసుకుంటూ, పిల్లల బడి కోసం వికారాబాద్‌లో ఉండి రోజూ కారులో వెళ్ళి వస్తుంది. కార్ఖానాలో తనకూ వాటా ఉందని పాత భాగస్వామి ఒకడు తగువు పెట్టుకున్నాడు. వాడి మనుషులు రెండుసార్లు దారిలో కారు ఆపారు. రెండోసారి అద్దం పగిలింది.

"కాకా, పిస్తోలు లైసెన్స్ ఉన్నోళ్ళు ఎవరన్న ఎరికుంటె చెప్పుండ్రి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కారుల ముంగటి సీట్ల కూసోవాలె. గంతే పని," అంది గుమ్మం దగ్గర ఆగి.

ఆమె చెప్పిన భయమంతా శంకరప్ప విన్నాడు. కానీ చెవిలో నిలిచింది 'కూసోవాలె' అన్న ఒక్క మాటే. "నేను తెచ్చుకుంట అమ్మా," అన్నాడు.

ఉన్న లైసెన్సు మీద రెండో ఆయుధానికి అనుమతి రావడానికి ఏడు నెలలు పట్టింది. డాక్టరు కళ్ళు చూశాడు, రక్తపోటు చూశాడు, సంతకం పెట్టాడు. వేళ్ళను ఎవరూ అడగలేదు. కొత్త పిస్తోలు కొనే స్తోమత ఎలాగూ లేదు. తెలిసినవాళ్ళు తాండూరు గంజ్‌లో పప్పుల వ్యాపారి రాధాకిషన్ పేరు చెప్పారు. పన్నెండేళ్ళ కింద మార్కెట్ నుంచి వస్తుంటే దారిలో ఎవరో కొట్టి సంచి లాక్కుపోతే, ఆ భయంతో కొనుక్కున్న పిస్తోలట. ఇప్పుడు అమ్మేస్తాడట.

మొదటిసారి వెళ్ళినప్పుడు శంకరప్ప దాన్ని కళ్ళతో చూడలేదు. ఎన్నికల వేళ కాబట్టి లైసెన్సున్న ఆయుధాలన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాల్సిందే. రాధాకిషన్ సెల్‌ఫోన్లో ఫోటో చూపించాడు. నల్లగా, బుద్ధిగా, ఎర్ర గుడ్డ మీద పడుకుని ఉంది.

"ఎన్నికలు అచ్చినప్పుడల్ల గిదే పరేషాన్," అన్నాడు ముసలి సేఠు. "తీస్కపోవుడు, రసీదు రాయించుకునుడు, మల్ల తెచ్చుకునుడు. దీన్ని నేను కాపాడుడే గానీ, ఇది నన్ను కాపాడింది లేదు. నువ్వు తీస్కపో శంకరప్పా, నాకు జర నిద్ర వడ్తది."

బేరం కుదిరింది, శంకరప్ప బయానా ఇచ్చాడు. అమ్ముతున్నానని సేఠు పోలీసులకు రాసిచ్చాక నలభై ఐదు రోజులు ఆగాలి. ఆ నలభై ఐదు రోజులూ శంకరప్ప గుమ్మం దగ్గర నిలబడి, మనసులో మాత్రం కారు ముందు సీటులో కూర్చుని ధారూర్ మీదుగా తాండూరు పోతూనే ఉన్నాడు. ఒకటో తారీఖు నుంచి రానని బాల్‌రాజ్‌కు చెప్పేశాడు కూడా.

ఆయన భార్య భీమమ్మకు మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. ఊరగాయ సీసా మూత తిప్పలేక ఆయన తన చేతికివ్వడం ఏడాదిగా చూస్తోంది. కుడి బొటనవేలి మొదలు ఉబ్బి, చలికాలంలో అసలు మడత పడదు.

"గా చేతితోని పిస్తోలేం పడ్తవ్?"

"అది చిన్నదే. అరచేతిల వడ్తది. సీసా మూత లెక్క తిప్పేది లేదు."

ఆ ధీమా ఆయనకు నిజంగానే ఉంది. పదిహేడేళ్ళు రైఫిలు పట్టినవాడు, రెండు గొట్టాల తుపాకీని మోకాలికి ఆనించి విరిచి తెరిచేవాడు, పిస్తోలును మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. సిపాయిలకు దాన్ని ఎవరిస్తారు?

ఎన్నికలు అయిపోయాయి, గడువు తీరింది, అమ్మకానికి అనుమతి కాగితం వచ్చింది. నెలాఖరు రోజున శంకరప్ప పొద్దున రైలుకు తాండూరు చేరాడు. రాధాకిషన్ దుకాణం వెనక గదిలో, కంది పప్పు బస్తాల నడుమ మేజా మీద పెట్టె తెరిచి ఉంది.

"కూసో శంకరప్పా."

"పర్వాలేదు సేఠ్," అని అలవాటు కొద్దీ నిలబడ్డాడు.

పిస్తోలు చేతికి తీసుకున్నాడు. తూటాలు పెట్టే భాగం ఊడదీసి ఖాళీగా ఉందని చూశాడు. ఇక పై భాగాన్ని వెనక్కి లాగి వదలాలి. అలా లాగితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత దాని పని అది చేసుకుంటుంది గానీ, ఆ మొదటి లాగుడు మాత్రం మనిషే లాగాలి.

లాగాడు. కదలలేదు. చేతిలో చెమట అనుకుని ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ లాగాడు. సగం దాకా వచ్చి, బొటనవేలి మొదట్లో కరెంటు కొట్టినట్టయి జారిపోయింది. చేయి మార్చి చూశాడు. పొట్టకు ఆనించి రెండు చేతులతో లాగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నొప్పికే. అది మాత్రం చచ్చినా రాలేదు. ఎలా వస్తుంది, ఊరగాయ సీసాతోనే ఓడిపోయిన చేయి కదా అది.

సేఠు కాసేపు చూసి, పిస్తోలు తన చేతిలోకి తీసుకున్నాడు. లాగి చూపించలేదు. ఎర్ర గుడ్డ మీద పెట్టేశాడు.

"నాకు గూడ రాదు," అన్నాడు. "మూడేండ్లయింది రాక. ముందుగాల చెప్తె నువ్వు కొనవని చెప్పలే. తప్పే."

బయట హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అయినా నీకు గుంజుడెందుకు?" అన్నాడు సేఠు గొంతు తగ్గించి. "నడుముకు కనవడితె చాలు. కారుల కూసుంటవ్, పోతవ్, వస్తవ్. మూడేండ్లు నేను గట్లనే తిరిగిన. ఎవనికన్న తెలిసిందా?"

ఎవరికీ తెలియదు. శంకరప్పకు నోటిదాకా వచ్చింది 'సరే' అన్న మాట. రేపు ఒకటో తారీఖు. ముందు సీటు. మెత్తటి సీటు, కాళ్ళు చాపుకునే చోటు, రోజుకు రెండు పూటలు. మధ్యలో కార్ఖానాలో కుర్చీ వేయిస్తానని కూడా ఆమె చెప్పింది. ఆయనకు ఏడుపొచ్చింది. పగిలిన అద్దం గుర్తొచ్చింది. ఆ రోజు నిరోషా బ్యాంకులోకి వస్తున్నప్పుడు ఆమె జుట్టులో ఒక గాజు పెంకు ఇంకా మెరుస్తూ ఉంది. దాన్ని తీసిచ్చింది తనే. "మీరుంటె నాకు ధైర్యం కాకా," అందామె అప్పుడు. ముందు సీటులో తాను పోయిన రోజులన్నీ ఊహించుకున్నాడు గానీ, కారు మూడోసారి ఆగే రోజును ఒక్కసారీ ఊహించుకోలేదు. ఇప్పుడు ఊహించుకున్నాడు. ఆమె వెనక సీటులోంచి చూస్తూ ఉంటుంది, తాను లాగుతూ ఉంటాడు.

"మీరు గట్ల తిరిగితె మీ ఒక్కలకే నష్టం సేఠ్," అన్నాడు. "నన్ను నమ్మి ఆమె వెనక కూసుంటది. నాతోని కాదు."

సేఠు బలవంతం చేయలేదు. బయానా నోట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టె మూస్తుంటే ఆయన ముఖం కూడా చూడలేకపోయాడు శంకరప్ప. ఆ ముసలాయన నిద్ర కూడా తనవల్లే చెడింది.

దుకాణం మెట్లు దిగి నిరోషాకు ఫోన్ చేశాడు. చుట్టూ తిప్పకుండా చెప్పేశాడు. "అమ్మా, నా చేతికి పిస్తోలు గుంజే శక్తి లేదు. వేరే మనిషిని చూసుకోండ్రి."

ఏజెన్సీవాళ్ళు పంపిన పిస్తోలు మనిషి ఒకాయన ఆమె దగ్గర ఆరు నెలలు చేసి ఊరికి వెళ్ళిపోయాడని, తనకు అనుమతి వచ్చేదాకా ఆమె నెట్టుకొచ్చింది అతనితోనేనని శంకరప్పకు తెలుసు.

"గాయనకు గుంజుడు వస్తుండెనో లేదో నేను అడగనే లేదు కాకా," అంది. "చెప్పి మంచిపని చేసిన్రు."

తర్వాత బాల్‌రాజ్‌కు చేశాడు. గుమ్మం దగ్గరికి ఇంకా ఎవరూ కుదరలేదట.

"రేపు తొమ్మిదిన్నరకు వచ్చెయ్. గానీ చెప్తున్న, నిలవడాలె."

"నిలవడ్త," అన్నాడు శంకరప్ప.

స్టేషన్‌కు నడిచి వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు ముందుకు చాపాడు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి బొటనవేలు ఇంకా తీపులు పెడుతోంది. వికారాబాద్ వైపు బండి వచ్చి ఆగింది. జనం ఎక్కారు, దిగారు. లేవాలనుకున్నాడు. ఎందుకో లేవలేదు. బండి వెళ్ళిపోయింది. మళ్ళీ రెండు గంటల దాకా బండి లేదు. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. పోలీసు ఒకడు అటుగా వచ్చి చూసి వెళ్ళాడు. ఎవరూ లేవమనలేదు.

భీమమ్మ ఫోన్ చేసింది.

"ఏడున్నవ్? బండి ఎక్కినవా? పిస్తోలు అచ్చిందా?"

"రాలే," అన్నాడు. "తాండూర్లనే ఉన్న."

"ఏం జేస్తున్నవ్ గాడ?"

శంకరప్ప చాపిన మోకాళ్ళను చూసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరు అడిగినా చెప్పలేని జవాబు అది.

"కూసున్న," అన్నాడు.