యాప్ కావాలన్నది అక్క

తిరువళ్ళూరు స్టేషన్ వెనక వీధిలో మేం అద్దెకున్న ఇంటికి పక్క వాటాలో ఉండేది ఆమె. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెది కడంబత్తూరు దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు, మాది తిరుత్తణిలో మగ్గాల వీధి. ఇద్దరికీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. భర్త పోయాక ఆమె కల్యాణ మండపాల్లో వంటకు వెళ్ళేది. నేను చెన్నైలో ఒక ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. సాయంత్రం రైల్లో నిలబడి, ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించాలంటే ఏడుపొచ్చేది. ఆ ఏడుపులోంచే మా వ్యాపారం పుట్టింది. సాయంత్రం రైళ్ళు దిగేవాళ్ళకు వేడి వేడి చపాతీ, కుర్మా, బియ్యప్పిండిని సేమ్యాలా వత్తి ఆవిరి పట్టే ఇడియాప్పం పొట్లాలు కట్టి స్టేషన్ బయట మెట్ల దగ్గర ఇవ్వడం. అక్కది వంట, ఆఫీసు మానేసి నాది మిగతా పని.

మొదట్లో వాట్సాప్ గ్రూపులోనే ఆర్డర్లు వచ్చేవి. మనుషులు పెరిగేకొద్దీ శుభోదయాల మధ్య, పండగ బొమ్మల మధ్య ఎవరికి ఏం కావాలో వెతుక్కోవడం కష్టమైంది. అప్పుడు మా ఆయనకు తెలిసిన ఒక అబ్బాయిని పిలిచాం. సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సొంతంగా పనులు చేసేవాడు. మా నేల మీద కూర్చుని కాఫీ తాగుతూ రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఫోన్లో ఎక్కించుకునే యాప్. రెండోది, లింకు నొక్కితే తెరుచుకునే వెబ్ పేజీ. యాప్ అయితే ఒక్కో రకం ఫోనుకు విడిగా చెయ్యాలి, ఫోన్లు మారినప్పుడల్లా సరిచెయ్యాలి. పేజీ అయితే ఒకసారి చేస్తే అన్ని ఫోన్లలోనూ తెరుచుకుంటుంది.

“పేజీ చాలక్కా. పొట్లం మీద లింకు అచ్చేసిస్తే ఎవరైనా తెరుస్తారు” అన్నాను.

“పేజీ అంటే మూసేస్తే పోతాది కదా మే” అంది అక్క. “యాప్ అయితే వాళ్ళ ఫోన్లోనే ఉండిపోతాది. ఇన్నేండ్లు మండపాల్లో వండినాను. తిన్నోళ్ళలో ఒకరన్నా ఎవురు చేసినారని అడిగినారా? ఇప్పుడన్నా మనకొక బోర్డు ఉండనీ.”

ఆమె మాటలో బోర్డు ఆశ ఒక్కటే కాదు, వ్యాపారం తెలివి కూడా ఉంది. రైలు మాకు ముందొచ్చే తిరునిన్రవూరు దాటేలోపు ఆర్డరు తెలిస్తేనే చపాతీ వేడిగా ఇవ్వగలం. ఆర్డరు రాగానే మా ఫోన్లో గంట మోగాలి. యాప్‌లో ఆ గంట ఖాయం, పేజీకి కొన్ని ఫోన్లలో సరిగా రాదు అన్నాడు ఆ అబ్బాయి. సరే అన్నాను. నిజం చెప్పాలంటే గంట కోసం కాదు, ఆమె ముఖం చూసి సరే అన్నాను.

కొన్ని నెలలు హాయిగా గడిచాయి. గంట మోగితే అక్క పెనం పైన చెయ్యి ఆడించి వేడి చూసుకుని, “వచ్చేసినారు మే!” అని లోపల్నించి కేకేసేది. రోజూ వచ్చేవాళ్ళందరూ యాప్ ఎక్కించుకున్నారు. తిరుత్తణి దాకా పోయేవాళ్ళు కొందరు రైలు ఆగిన కాస్తసేపట్లో తలుపు దగ్గరే పొట్లం అందుకునేవాళ్ళు.

కొత్తవాళ్ళే రాలేదు. మెట్ల దగ్గర వాసన చూసి ఆగేవాళ్ళు. యాప్ అనగానే, “ఒక్క పూట తిండికి ఫోన్లో ఇంకొకటా? చోటు లేదమ్మా” అని నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఖరీదైన ఫోన్లున్నవాళ్ళకు మా యాప్ అసలు దొరికేదే కాదు. వాళ్ళ రకానికి విడిగా చేయించే స్తోమత మాకు లేదు. అక్కతో ఇవేవీ గట్టిగా అనలేదు. అనాల్సిందేమో.

ఒక సాయంత్రం గంట మోగలేదు. వాన పడుతోంది, జనం తక్కువేమో అనుకున్నాం. అక్క చాలా రోజుల తర్వాత నడుం వాల్చింది. రైలొచ్చే వేళకు, దారిన పోయేవాళ్ళకు పనికొస్తాయని చేసిన కొద్దిపాటి చపాతీలు సంచిలో వేసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాం. రైలు దిగినవాళ్ళు ఎప్పటిలాగే మా చుట్టూ చేరి చేతులు చాపారు. వాళ్ళ ఫోన్లలో ఆర్డరు అందిందనే ఉంది. ఫోన్లు చేసే కంపెనీవాళ్ళు లోపల ఏదో మార్చారట, దాంతో మా గంట మూగబోయింది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

సంచి చిటికెలో ఖాళీ అయింది. “యాప్ పెట్టి ఊరిని మోసం చేస్తున్నారా?” అని ఒకాయన తమిళంలో గట్టిగానే అన్నాడు. చివర్లో ఒక నర్సమ్మ మిగిలింది. చెన్నైలో ఆసుపత్రిలో పని, ఒంట్లో చక్కెర జబ్బు. దిగగానే తినొచ్చని రైల్లోనే మాత్ర వేసేసుకున్నానంది. ఆమెకు అప్పటికే చెమటలు పడుతున్నాయి. నేను బడ్డీ కొట్లో బిస్కెట్లు కొని ఆమె చేతికిచ్చేలోపు అక్క వానలో ఇంటికి పరిగెత్తి, తనకోసం ఉంచుకున్న రాగిసంగటీ ఆకుకూర పప్పూ తెచ్చింది. నర్సమ్మ బెంచీ మీద కూర్చుని తిన్నంతసేపూ అక్క పక్కనే నిలబడింది. నర్సమ్మ తేరుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, చాలా బాగుందమ్మా అంది. అక్క తలెత్తలేదు.

ఇంటికెళ్ళే దారిలో అక్కది ఒకే మాట. “అన్నాన్ని నమ్ముకుని వచ్చినోళ్ళని ఒట్టి చేతుల్తో పంపినాము మే. మండపాల్లో ఒక్క రోజన్నా ఇట్లా చేసింది లేదు నేను.”

“మన తప్పు కాదక్కా.”

“యాప్ అడిగింది నేనే కదా.”

యాప్ చేసిన అబ్బాయి అప్పటికే బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయాడు. ఆదివారాలు చూస్తానన్నాడు. ఆదివారాలు పోతూ వచ్చాయి. ఈలోపు అక్క, ఆర్డరేమన్నా వచ్చిందేమోనని ఫోను చేతిలో పట్టుకుని మాటిమాటికీ తెరిచి చూసుకునేది. పొయ్యి మీద ఏదో ఒకటి మాడేది. ఆ నెల చివర్లో, తమ్ముడికి సాయంగా ఉంటానని కడంబత్తూరు వెళ్ళిపోయింది.

నేను వెబ్ పేజీ చేయించాను. గంట సరిగా రాని మాట నిజమే. అందుకని సాయంత్రం ఫోను ఎదురుగా పెట్టుకుని పేజీ తెరిచే ఉంచుతాను. కొత్తవాళ్ళు వస్తున్నారు. వంటకు ఒకామెను పెట్టుకున్నాను. వ్యాపారం మునుపటికంటే బాగుంది. ముందు నేను చెప్పిన దారే సరైనదని మా ఆయన అప్పుడప్పుడూ అంటాడు. ఆ మాట వినడం నాకు ఇష్టముండదు.

మొన్న ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి పోతూ కడంబత్తూరులో దిగాను. అక్క వేరుశనగ చేలో కలుపు తీస్తోంది. నన్ను చూసి గట్టు మీదికి వచ్చి చేతులు కడుక్కుంది.

“ఇప్పుడు ఎవురు వండతాండారు?”

“ఒకామె వస్తోందక్కా.”

“ఇడియాప్పం మెత్తగా వస్తాండాదా?”

“నీ మాదిరి రాదు. నువ్వు వచ్చెయ్యక్కా.”

ఆమె గట్టు మీది చెంబులోంచి మజ్జిగ వంచి గ్లాసు నా చేతికిచ్చి చేను వైపు చూసింది. “నువ్వు చెప్పినట్టే ముందే ఆ పేజీ పెట్టింటే సరిపోయేది మే” అంది. కోపంగా కాదు, మామూలుగా. ఆ మాట ఆమె నోట రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

“పొలం పని ఉండాది. ఇంగ యాడికీ రాలేను” అంది తర్వాత.

నేను మళ్ళీ అడగలేదు. బలవంతం చేస్తే నొచ్చుకుంటుందనుకున్నాను. ఇంకొకసారి అడిగి ఉంటే వచ్చేదేమోనని తిరుత్తణి చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.